రెండో గడప

పసుపుకీ పెయింటుకీ తేడా తెలియని మనిషి అని నా సర్వీసు రికార్డులో ఎక్కడా రాసి లేదు. రాయవలసింది. ఇరవై ఎనిమిదేళ్ళు సింగపూరులో పాత ఇళ్ళు కొలిచి ప్లాన్లు గీసిన దాన్ని, పుట్టింట్లో పన్నెండో ఏటి నుంచీ ప్రతి శుక్రవారం గడపకి పసుపు రాసిన దాన్ని. అంతటి దాన్ని ఒక ఇంటి గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బ్లేడుతో ఆ పసుపునే గీకి, "ఈ ఇంటి అసలు రంగు ఎల్లో ఓకర్" అని రిపోర్టు రాసి పంపాను.

ఈ మధ్య మా పాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు నలుగురు పాసిర్ రిస్‌లోని మా ఫ్లాటుకి వచ్చారు. "ఆంటీ, మీ కెరీర్‌లో బెస్ట్ ప్రాజెక్ట్ ఏది?" అని అడిగారు. బెస్టు గురించి చెబితే సొంత డబ్బా కొట్టుకున్నట్టుంటుంది, అందుకని ఇది చెప్పాను. నవ్వి నవ్వి, రాసి పెట్టమన్నారు. కాబట్టి ఇది మీ కోసమే నాయనా. నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

మాది చిన్న ఆర్కిటెక్టు ఆఫీసు. పాత షాప్‌హౌస్‌లని బాగుచెయ్యడమే మా పని. షాప్‌హౌస్ అంటే కింద దుకాణం, పైన కాపురం, ముందు ఐదడుగుల వరండా. పక్క గోడలు రెండూ ఇరుగుపొరుగులతో ఉమ్మడి. వెడల్పు చూస్తే జానెడు, పొడుగు చూస్తే రైలుపెట్టె. మీకిప్పుడు లేజర్ ఉంది, ఎర్రచుక్క గోడ మీద పడితే కొలత వచ్చేస్తుంది. మాకు టేపు, దారానికి కట్టిన గుండు, పాత చెప్పులు. రంగు తెలుసుకోవాలంటే రూపాయి బిళ్ళంత చోట బ్లేడుతో మెట్లు మెట్లుగా గీకాలి. ఒక్కో మెట్టు ఒక్కో కాలం నాటి రంగు. ఆ పని నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఎవరిదో ఇల్లు, ఎప్పటిదో గోడ, ఒక్కో పొర విప్పుతుంటే అన్నం కూడా గుర్తొచ్చేది కాదు.

మా బాస్ చైనీస్ మనిషి, మితభాషి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు ఉండేది. ఎక్కడ కలప కనిపించినా పొడిచి చూడకపోతే ఆయనకి నిద్ర పట్టదు. తన కూతురి పెళ్ళిలో విందు హాలు స్తంభాన్ని కూడా పొడిచాడని ఆఫీసులో చెప్పుకునేవాళ్ళం. మొదట దొరికిన జవాబుని ప్రేమించకు అనేది ఆయన ఏకైక ఉపదేశం. వందసార్లు విన్నాను, నూట ఒకటోసారి మర్చిపోయాను.

పదేళ్ళు దాటింది. లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు వెనక ఒక సందులో పాత ఇళ్ళ వరసని కొత్తగా చారిత్రక ప్రాంతం పరిధిలోకి చేర్చారు. యజమానులందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి వివరాలు చెప్పారు. బాస్‌తో నేనూ వెళ్ళాను. అక్కడ పెళ్ళి ఆగిపోయిన ఇల్లులా ఉంది. ఒక చైనీస్ అంకుల్ లేచి, "హెరిటేజ్ అని నా ఇంటిని మ్యూజియం చేసి, నన్ను దానికి వాచ్‌మన్‌గా పెడతారా?" అని అడిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నిజానికి బేరం అంత చెడ్డది కాదు. ముందు భాగం, అసలు ఇల్లు పడగొట్టకూడదు, అది నియమం. దానికి బదులు కొన్ని వెసులుబాట్లు ఉన్నాయి. కొత్త కట్టడానికైతే కార్లకి చోటు చూపించాలి, ఇక్కడ అక్కర్లేదు. పైన కాపురం ఉన్న చోట ఆఫీసు పెట్టుకోవచ్చు. అసలు ఇల్లు ఎక్కడ ముగిసిందో దాని వెనక మాత్రం కొత్తగా, ఇంకొంచెం ఎత్తుగా కట్టుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద లాభం ఎవరికీ తట్టలేదు. నీ ఇంటికి వేసిన తాళమే పక్కవాడి ఇంటికీ వేశారు. రేపు వాడు పడగొట్టి అద్దాల మేడ కడితే నీ ఇల్లు పుచ్చుపన్నులా మిగిలిపోతుందన్న భయం లేదు. వరస మొత్తం నిలిస్తేనే జనం చూడ్డానికి వస్తారు, అద్దెకీ వస్తారు. ఈ సంగతి బాస్ రెండు ముక్కల్లో చెప్పి కూర్చున్నాడు. ఎవరూ వినలేదు, ఒక్క ఆంటీ తప్ప.

ఆ ఆంటీ వరస మధ్యలో పిండిమర యజమానురాలు. అప్పటికి డెబ్భైకి దగ్గర పడింది. తాత విశాఖ వైపు నుంచి ఓడెక్కి రేవులో కూలికి వచ్చినవాడు. మూడు తరాలుగా ఇక్కడే. అయినా తెలుగు మానలేదు. ఆ తెలుగులో మన ఉత్తరాంధ్ర యాస, పక్కింటి అరవం, సంతలో మలయ్ అన్నీ ఒకే విస్తట్లో ఉండేవి. శనివారం పొద్దున ఆ మర ముందు నిలబడితే తుమ్ములు ఆగవు. ఎండుమిర్చి, ధనియాలు, బియ్యం పట్టుకుని ఆడవాళ్ళు బారులు తీరేవాళ్ళు. డబ్బాల్లో వచ్చే కారప్పొడి వద్దని ఊరి చివరి పుంగోల్ నుంచి కూడా వచ్చేవాళ్ళు.

ఆ ఇంటికి ఆవిడా, ఆవిడ తమ్ముడూ చెరిసగం యజమానులు. తమ్ముడంకుల్ ఓడల యార్డులో పనిచేసి రిటైరై ఊరి పడమటి కొసన బూన్ లేలో ఉండేవాడు. అదే వరసలో రెండిళ్ళు కొన్న ఒక హోటల్ వాడు ఈయన వెంట పడ్డాడు. అంకుల్ చెడ్డవాడేం కాదు. "వెనకంతా కూలిపోతోంది, పైన గబ్బిలాలు. మేమిద్దరం పోయాక పిల్లలు కొట్టుకుంటారు. అమ్మేస్తే పీస్ లా" అనేవాడు, ఇక్కడివాళ్ళ అలవాటుగా చివర లా తగిలించి. ఆంటీకి అమ్మడం ఇష్టం లేదు. అలాగని తమ్ముడి వాటా కొనే స్తోమతా లేదు. చివరికి అంకుల్ ఒక మాట మీదికి వచ్చాడు. ఇంటి వెనక కొత్త భాగం కట్టడానికి అనుమతి వస్తే పైనా వెనకా ఆఫీసులకి అద్దెకిద్దాం, కింద అక్క మర నడుపుకోవచ్చు. రాకపోతే తను హోటల్ వాడికి సంతకం పెడతాడు. సంతకం పెడితే వాడు కోర్టుకెళ్ళి మిగతా సగమూ అమ్మించగలడు, మర పోతుంది, ఆంటీ తాళాలు అప్పజెప్పి ఏదో ఫ్లాటుకి పోవాలి. ఈ మధ్యలో ఆ అనుమతికి ప్లాను గీయాల్సింది నేను.

నాలుగు రోజులు ఆ ఇంట్లోనే ఉన్నాను. నా జుట్టులోంచి కారం వాసన వారం దాకా పోలేదు. కప్పు ఎప్పుడో మార్చేశారు, అది సాక్ష్యం చెప్పదు. నేల మాత్రం వీధి గుమ్మం నుంచి వంటింటి చివరిదాకా ఒకే రకం పువ్వుల పలకలు. ఒకే పలకలంటే ఒకేసారి కట్టిన ఇల్లనే కదా అర్థం? అసలు ఇల్లు వెనక గోడ దాకా ఉందని గీతలు గీసేశాను. తర్వాత రంగు. ముందు గోడ మీద ఎక్కడ గీకినా సిమెంటు పూతే, పాత సున్నం ఊడగొట్టి ఎవరో కొత్తగా పూశారు. వీధి గుమ్మం గడప మీద ఇనప రేకు కొట్టి ఉంది, బస్తాల బండి సాఫీగా దొర్లడానికట. రేకు లేపాను. కింద టేకు గడప. గుమ్మం కాళ్ళ మీద ఎనామెల్ పొరలు నాలుగు. వాటి కిందా, గడప మీదా, కలపలోకి ఇంకిపోయి, చక్కటి బంగారు రంగు.

నా ఆనందం చూడాలి! ఫోటోలు తీశాను, పొడి గీకి కాగితంలో మడిచాను, ఇంటి ముఖమంతా ఆ రంగు వేసి కలర్ ప్రింటు చేయించాను. బాస్ దాన్ని చూసి, "ష్యూర్?" అన్నాడు. "ష్యూర్ బాస్" అన్నాను. ఇంకేముంది, అప్లికేషను వెళ్ళిపోయింది.

జవాబు మర్యాదగానే వచ్చింది. మీరు గీసిన ప్లాన్ ప్రకారమే అసలు ఇల్లు వెనక గోడ దాకా ఉంది కాబట్టి దాని వెనక కొత్త భాగానికి చోటు లేదు. రంగుకి చూపిన ఆధారం చాలదు, ఇంకా కావాలి. ఇంతే. ఆ ఆఫీసు వాళ్ళని ఒక్కమాట అనడానికి లేదు, నా గీత చూపించి నాకే కాదన్నారు. నా చేత్తో నేనే ఆంటీ మర మూయించానని ఆ పూట అన్నం సహించలేదు. "నువ్వే వెళ్ళి చెప్పు, ఫోనులో కాదు" అన్నాడు బాస్.

వెళ్ళిన రోజు శుక్రవారం. ఉత్తరం ఒక చేతిలో, ఆ కలర్ ప్రింటు ఇంకో చేతిలో. కనీసం బొమ్మ చూసైనా సంతోషిస్తారని నా పిచ్చి. తమ్ముడంకుల్ కూడా అక్కడే ఉన్నాడు. ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చెప్పానా లేదా అక్కా? కెనాట్ మీన్స్ కెనాట్. నేను మండే సైన్ చేసేస్తా."

ఆంటీ మర ఆపేసింది. ఆ చప్పుడు ఆగేసరికి ఇల్లంతా బోసిపోయింది. తర్వాత ఆవిడ చెయ్యి చాచి నా ప్రింటు తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది. చూసి, నవ్వడం మొదలెట్టింది. ఏడుస్తోందేమో అని నేను కంగారు పడ్డాను.

"ఏటమ్మాయ్ ఇది? మా ఇల్లు ఎప్పుడైనా ఈ రంగులో ఉందేటి?"

"అదే ఆంటీ అసలు రంగు. పొరలు తీసి చూశాం."

"మా తాత సున్నంలో నీలిమందు కలిపి ఏయించీవోడు. బకెట్టు మోసింది నేను. నాకు తెల్దేటి?"

ఇప్పుడు నేనన్న మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "ఆంటీ, మనుషులు మర్చిపోతారు. గోడలు మర్చిపోవు" అన్నాను. నిజంగానే అన్నాను.

"ఓహో. ఏ గోడ చెప్పిందమ్మా నీకు? సూపించు."

గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి, రేకు లేపి, నేను గీకిన చోటు చూపించాను. ఆవిడ ఆ గడప వైపు చూసింది, నా మొహం చూసింది, నా మెళ్ళో నల్లపూసలు చూసింది.

"ఏ ఊరు మీది?"

"కాకినాడ దగ్గరండీ."

"తెలుగోళ్ళేనా?"

"ఆంటీ!"

ఆవిడ లోపలికెళ్ళి చిన్న గిన్నెలో తడిపిన పసుపు తెచ్చింది. వేలితో తీసి, నేను గీకిన చోటు పక్కనే రాసింది. రెండూ ఒకటే. పక్కపక్కన అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి.

"మా నాయనమ్మ రాసిన పసుపమ్మా ఇది. దీన్ని బ్లేడెట్టి గీకి, కాయితంలో సుట్టి, గవర్నమెంటుకి అంపించీసావా? ఓరి దేవుడో!"

భూమి చీలితే దూరిపోదామనిపించింది. ఎందుకు పోల్చుకోలేకపోయానో తర్వాత ఆలోచిస్తే, కారణం మా ఫ్లాటు గుమ్మం దగ్గరే దొరికింది. పెళ్ళయి వచ్చిన కొత్తలో రాసేదాన్ని. తర్వాత ఉద్యోగం, పిల్లాడి స్కూలు, శుక్రవారం పొద్దున రైలు. అందుకని అదే సెరంగూన్ రోడ్డులో ఒక స్టిక్కరు కొని గడపకి అంటించాను, నిగనిగలాడే రంగు మీద తెల్ల ముగ్గు అచ్చేసింది. తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఏళ్ళ తరబడి దాన్నే దాటుతుంటే, గడప మీద ఆ రంగు కనిపించగానే నాకు పెయింటే అనిపించింది. చైనీస్ అమ్మాయో మలయ్ అబ్బాయో ఈ పొరపాటు చేసేవాళ్ళు కారు. ఇదేంటి ఆంటీ అని ముందే అడిగి ఉండేవాళ్ళు. నాకన్నీ తెలుసు కాబట్టి నేను అడగలేదు.

ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ తన ధోరణిలో తను చెప్పుకుపోతోంది. "రేకు కొట్టీసినాక మానీసాం. ఇనప్ముక్కకి పసుపేటి అని. అప్పట్లో రెండు గడపలకీ రాసీది మా నాయనమ్మ. వీధి గడపకీ, పెరటి గడపకీ. పెరటి గడప మీద కూకుంటే ఈపు మీద ఒక్కటిచ్చీది."

"పెరటి గడపా?" అన్నాను. "ఎక్కడుంది ఆంటీ?"

"అదుగో, ఆ మర కాడ. ఆ పలకల కింద. అది దాటితే ఆకాశమే. వానొస్తే తడుసుకుంటా ఎల్లి గిన్నెలు తెచ్చుకునీవోళ్ళం."

ఆకాశం! మర దగ్గర గడప ఉండి, దాని అవతల ఆకాశం ఉంటే, అసలు ఇల్లు అక్కడే ముగిసింది. ఆ వెనకున్నదంతా తర్వాత కలుపుకున్నది. కొత్తగా కట్టుకోవడానికి చోటుంది. నేను పలకల్ని నమ్మి మొత్తం ఇంటికి ఒకే గీత గీశాను.

"అంకుల్, మండే వద్దు" అన్నాను. "ఒక్క వారం ఇవ్వండి."

"అయ్యో, ఎవ్రీటైమ్ వన్ మోర్ వీక్" అన్నాడు ఆయన.

"ఒరే, అరవై ఏళ్ళు ఆగినోడివి, ఏడ్రోజులు సుసానా నీకు?" అంది ఆంటీ. మలయ్‌లో సుసా అంటే కష్టం. అంకుల్ వచ్చే శుక్రవారం దాకా అన్నాడు. ఆ తర్వాత మాత్రం ఎవరు చెప్పినా వినడట.

ఆఫీసుకి వచ్చి బాస్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన స్క్రూడ్రైవరుతో బల్ల అంచుని పొడుస్తూ విన్నాడు.

"ద ఎల్లో ఈజ్ వాట్?"

"టర్మరిక్."

"కర్రీలో వేసేదా?"

"అదే బాస్."

ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. మా ప్లాన్ తప్పు, మళ్ళీ పరిశీలించి పంపుతాం, మీ మనిషి ఎదురుగానే నేల తవ్వుతాం అని అప్పటికప్పుడు ఉత్తరం రాసి కింద తన సంతకం పెట్టాడు, నా పేరు ఎక్కడా లేకుండా. ఆ ఉత్తరం కాపీ ఇంకా నా దగ్గరుంది. లేచి వస్తుంటే మాత్రం, "ఈ రెండో జవాబుని కూడా ప్రేమించకు. తవ్వి చూడు" అన్నాడు.

శుక్రవారం పొద్దున అనుమతుల ఆఫీసు నుంచి ఒక మలయ్ అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఉంటాయేమో, చేతులకి గ్లవ్స్, తడుముకోకుండా సూటిగా అడిగే ప్రశ్నలు. మా పలకల మేస్త్రీ చైనీస్ అంకుల్, సుత్తి పిడితో నేల మీద కొట్టి చప్పుడు వింటాడు. పాత పలకల్ని పగలకుండా లేపగల మనిషి ఆయన. మర పక్కన ఆంటీ చూపించిన చోట జాగ్రత్తగా ఆరు పలకలు తీశాడు. కింద ఇసుక. ఇంకో నాలుగు తీశాడు. ఇసుక, ఇటిక ముక్కలు. మూరెడు లోతు పోయినా అంతే.

"నథింగ్ లా, ఆంటీ" అన్నాడు మేస్త్రీ.

ఆఫీసరమ్మాయి ఏదో రాసుకుంది. తమ్ముడంకుల్ వాచీ చూసుకున్నాడు. బాస్ జేబులో స్క్రూడ్రైవరు తడుముకున్నాడు, పొడవడానికి ఏమీ లేదు. ఆంటీ మొహం పాలిపోయింది. "ఇక్కడేనమ్మా... మర ఇటు జరిపారో ఏటో... అప్పురం, ఆ తరవాత సంగతి నాకు తెలవట్లేదు" అంది. ఆ ఇల్లూ, మరా అన్నీ ఆ గుంటలోకి పోయినట్టే అనిపించింది నాకు. ఏం చెయ్యాలో తోచక, వచ్చినవాళ్ళకి టీ అయినా ఇద్దాం ఆంటీ అన్నాను.

ఆవిడ ట్రేలో టీ గ్లాసులు పెట్టుకుని వంటింట్లోంచి వస్తోంది. నేను గుంట పక్కన గొంతుకు కూర్చుని ఉన్నాను కాబట్టి నా కళ్ళకెదురుగా ఆవిడ కాళ్ళే ఉన్నాయి. చదునైన నేల మీద, ఏ అడ్డమూ లేని చోట, ఆవిడ కుడికాలు కొంచెం పైకి లేచి, దేన్నో దాటి, అవతల పడింది. ఎడమకాలూ అంతే. తర్వాత మామూలుగా నడిచింది.

"ఆంటీ, మళ్ళీ వెళ్ళండి" అన్నాను.

"ఏటీ?"

"వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ రండి. ప్లీజ్. కిందకి చూడకండి."

పిచ్చి పట్టిందా అన్నట్టు చూసి, వెళ్ళి వచ్చింది. మళ్ళీ అక్కడే కాలు లేచింది. మూడోసారీ అక్కడే. మేం తవ్విన చోటుకి మూడడుగులు వంటింటి వైపు. తమ్ముడంకుల్ని నడిపించి చూశాను, ఆయన కాలు ఎక్కడా లేవలేదు. చిన్నప్పుడు ఎన్ని వేలసార్లు దాటిందో ఆ గడపని! అది నేలలో కలిసి అరవై ఏళ్ళవుతున్నా ఆ కాలు ఇంకా దాటుతూనే ఉంది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మేస్త్రీ సుత్తి పట్టుకుని అక్కడికి జరిగాడు.

ఐదో పలక కింద గడప. గోడ నుంచి గోడ దాకా టేకు దుంగ. రెండు వైపులా నేల ఎత్తు చేసి దాన్ని పూడ్చేశారు.

ఆఫీసరమ్మాయి వంగి చూసింది. "కలప ఉంది, సరే. కానీ గుంట పూడ్చడానికి వేసిన పాత దుంగ కాదని ఎలా అనుకోవాలి?" అంది. న్యాయమైన ప్రశ్నే. పగుళ్ళలో పసుపు ఛాయ కనిపిస్తోంది. కానీ దాన్ని చూపించి నేను మళ్ళీ రంగు గురించి నోరెత్తే ధైర్యం చెయ్యలేదు.

ఆంటీ ట్రే కింద పెట్టి, నడుముకి దోపుకున్న తమలపాకుల సంచి తీసింది. అందులోంచి చిన్న సున్నం డబ్బా. వేలితో రవ్వంత తీసి, టీ గ్లాసు పక్కనున్న నీళ్ళు చుక్క కలిపి, పగుల్లో రుద్దింది. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత ఆ పసుపు మెల్లగా ఎర్రబడింది.

"పసుపూ సున్నం కలిస్తే పారాణమ్మా" అంది ఆంటీ. "పెళ్ళిలో కాళ్ళకి పెడతాం. పెయింటు ఇలాగ అవుద్దేటి? బోలే?"

బోలే అంటే మలయ్‌లో కుదురుతుందా అని. మిగతాది తమ్ముడంకుల్ ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. ఆ అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. గ్లవ్ తీసేసి, తనూ వేలితో సున్నం తీసుకుని ఇంకో పగుల్లో రుద్దింది. ఎర్రబడింది. లేచి గబగబా వీధి గుమ్మం దగ్గరికెళ్ళి అక్కడా రుద్దింది. అక్కడా ఎర్రబడింది. అప్పటిదాకా ఆఫీసరుగా ఉన్న మనిషి చిన్నపిల్లయిపోయింది. ఫోటోల మీద ఫోటోలు. వెనక్కి వచ్చి నేల మీద పూర్తిగా బోర్లా పడుకుని గడప అవతలి అంచు టార్చి వేసి చూసింది. ఆ అంచు ఎండకీ వానకీ నెరిసిపోయి ఉంది. దాని పక్కనే ఇటికలతో కట్టిన పాత వానకాలువ. ఇంట్లో ఎవరూ వానకాలువ కట్టుకోరు.

"మీరు కూడా ఇలాగే వేళ్ళకి ఎర్రగా పెట్టుకుంటారు, పెళ్ళికి" అంది ఆంటీ మలయ్‌లో, ఆ అమ్మాయి ఎర్రటి వేలు చూసి. "అయిందా?"

"నాట్ యెట్, ఆంటీ" అంది ఆ అమ్మాయి నేల మీద నుంచే. తర్వాత నా ప్లాను తీసుకుని, గడప ఉన్న చోట అడ్డంగా పెన్సిలు గీత గీసింది. "మెయిన్ హౌస్ ఎండ్స్ హియర్" అంది.

తమ్ముడంకుల్ ఆ గుంట దగ్గరే నిలబడిపోయాడు. "నేనెప్పుడూ దీన్ని చూళ్ళేదు అక్కా. ఎందుకు పూడ్చేశారు?"

"నీ కోసమేరా" అంది ఆంటీ. "పాకడం మొదలెట్టీసరికి రెండుసార్లు దీని మీంచి దొల్లి పడ్డావు. పెదివి పగిలి నెత్తురు. నాన్న ఆ వారమే పెరడు కప్పించి, నేలంతా సమం చేయించీసాడు. నాయనమ్మ నెల్లాళ్ళు నాన్నతో మాట్లాడ్లేదు."

ఆయన చెయ్యి తెలియకుండానే పైపెదవి మీదికి వెళ్ళింది. అక్కడ సన్నటి మచ్చ ఉంది. అంతకుముందు నేనూ గమనించలేదు. వీధిలోకి వెళ్ళి చాలాసేపు ఎవరితోనో ఫోనులో మాట్లాడాడు. హోటల్ వాడితోనే అని తర్వాత తెలిసింది.

అనుమతి వచ్చింది. వెనక కొత్త భాగం లేచింది. ఇప్పుడక్కడ బొమ్మలు గీసుకునే కంపెనీ ఒకటి అద్దెకుంది, కారం ఘాటుకి తుమ్ముకుంటూ కూడా ఖాళీ చెయ్యటం లేదు. పై అంతస్తు చూరు కింద, సిమెంటు పూత చేరని మూలలో, నీలిమందు కలిపిన సున్నం దొరికింది, ఆంటీ చెప్పింది చెప్పినట్టే. గోడకి ఆ రంగే వేశాం. పెరటి గడపని దాని చోటే ఉంచి, అందరికీ కనిపించేలా చుట్టూ నేల దించాం. వీధి గడప మీద రేకు తీసేసి, బస్తాల బండికి ఎత్తిపెట్టుకునే బల్ల ఒకటి చేయించాం.

పని పూర్తయ్యాక ఆఖరి డ్రాయింగులు ఇవ్వాలి. అందులో ప్రతి వస్తువుకీ పైపూత ఏమిటో, ఎవరు వేశారో పక్కన రాయాలి. కిటికీకి ఇది, తలుపుకి అది అని రాసుకుంటూ వచ్చి గడప దగ్గర ఆగాను. ఆగి, ఇంగ్లీషులో రాశాను: పసుపు, యజమాని చేత, ప్రతి శుక్రవారం. బాస్ ఆ గీత మీద స్క్రూడ్రైవరు మొన పెట్టి కాసేపు చూశాడు. "ష్యూర్?" అన్నాడు. "ఈసారి ష్యూర్ బాస్" అన్నాను. సంతకం పెట్టాడు. అది నియమం కాదు, షరతు కాదు, డ్రాయింగులో చిన్న వివరణ, అంతే. దాని మీద కూడా ముద్ర పడి వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా గడప మీది స్టిక్కరు గోటితో గీకి తీశాను. తెల్లవారి శుక్రవారం, పసుపు రాసేసరికి రైలు ఒకటి తప్పిపోయింది, ఏం కొంపలు మునగలేదు.

పోయిన నెల ఒక శుక్రవారం మిరపకాయలు పట్టించడానికి వెళ్ళాను. ఆంటీకి ఎనభై దాటాయి. మోకాళ్ళు వంగవు. వరండాలో కుర్చీ వేసుకుని వచ్చేపోయే వాళ్ళని పలకరిస్తూ కూర్చుంది. గుమ్మం దగ్గర ఎవరో వంగి ఉన్నారు. చూస్తే తమ్ముడంకుల్. డెబ్భై దాటిన మనిషి, బూన్ లే నుంచి రెండు రైళ్ళు మారి వచ్చి, కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంటే, గిన్నెలో పసుపుతో కుస్తీ పడుతున్నాడు. సగం గడప మీద, సగం చొక్కా మీద.

"ఏంటంకుల్, మీరా?"

"వాట్ టు డూ లా" అన్నాడు ఆయాసపడుతూ. "అక్క చెప్పింది, గవర్నమెంటు స్టాంపు వేసిన డ్రాయింగులో ఉందట, ఓనర్ చెయ్యాలి, ఎవ్రీ ఫ్రైడే. ఒక్క వారం మిస్సయినా పర్మిషన్ క్యాన్సిల్ అంట. నువ్వే కదా రాసింది. ట్రూ ఆర్ నాట్?"

ఆంటీ వైపు చూశాను. ఆవిడ తమలపాకుకి శ్రద్ధగా సున్నం రాసుకుంటూ వీధి అటువైపు చూస్తోంది.

"ట్రూ, అంకుల్" అన్నాను. "ఆ మూల వదిలేశారు చూడండి, అక్కడ కూడా రాయండి."